ఎవరు పెట్టిన దుంకుడు

వాన వచ్చేది నా కుడి మోకాలుకు ముందే తెలుస్తది. మబ్బు కంటికి కనవడకముందే లోపల సన్నగ గుంజుడు షురూ అయితది. టీవీల వాతావరణం చెప్పేటోల్ల కన్న నీ మోకాలే నయం అని మా ఆయన నవ్వుతడు. నాకు మాత్రం నవ్వు రాదు. నేను సూర్యాపేటల లేడీస్ టైలర్‌ను. మిషన్ తొక్కలేక మోటర్ పెట్టించుకున్న. పోలీస్ కావాలని కలలు కన్న పిల్లను నేను. బడిల పరుగు పందెం పెడితే నన్ను దాటినోల్లు లేరు. అసొంటి మోకాలు ఎందుకు పోయిందో తెలుసుకునేసరికి నా నెత్తి సగం తెల్లవడ్డది. తెలిసినంక కోపం సల్లారుతదనుకున్న. ఏం సల్లారలే. ఇది రాస్తుంటే గూడ పండ్లు పటపట కొరుకుతున్న.

మా ఊర్ల కరాటే సార్ ఒకాయన ఉన్నడు. నా చిన్నప్పుడు బడి గ్రౌండ్‌ల పొద్దుగాల నేర్పుతుండె, ఇప్పుడు ఒక షెడ్డు కిరాయికి తీసుకోని నేర్పుతుండు. ఆయన నేర్పేటి వాటిల అన్నిటికన్న గొప్పది కర్ర కటా. కటా అంటే కొట్లాట కాదు. ఎదురుంగ ఎవరూ లేకున్నా ఉన్నరనుకోని, మనిషి కన్న పొడుగు కర్ర పట్టుకోని, ఒక వరుసల ఏసే అడుగులు, కొట్టే దెబ్బలు. జపాన్ దిక్కు సముద్రంల ఒకినావా అని ఒక దీవి ఉన్నదట. గాడి పెద్దమనుషులు ఈ వరుస కట్టిన్రని, తాతల నుంచి మనుమలకు అట్లనే వచ్చిందని, ఒక్క అడుగు గూడ మారలేదని సార్ చెప్తుండె. మేము నోర్లు తెరుసుకోని ఇంటుంటిమి.

ఆ వరుస నడుమల ఒక దుంకుడు ఉంటది. ముందటికి నడిసిపోయి, కర్రతోని పొడిసి, అట్లనే ఎగిరి ముందటికి దుంకాలె. దుంకుకుంటనే గాలిల ఎనుకకు తిరిగి ఒంటికాలు మీద దిగాలె. సముద్రంల అల వస్తే చేపలు పట్టేటోల్లు గిట్లనే ఎగిరేటోల్లు అని సార్ చెప్పిండు. నేను సముద్రం సూసింది లేదు గానీ ఆ అలను మాత్రం రోజూ దుంకిన. నాకు అదంటే మస్తు ఇష్టం ఉండె, అబద్ధమెందుకు. అందరికన్న ఎత్తు దుంకేది నేనే.

పదో తరగతిల ఉన్నప్పుడు, రాత్రి వాన పడి గ్రౌండ్ తడిగున్నది. దుంకిన. నడుము తిరిగింది, పాదం తిరగలే. మోకాలుల టక్కుమన్న సప్పుడు నా చెవులకే ఇనవడ్డది. మా అమ్మ పెన్‌పహాడ్‌ల ఎముకలకు కట్లు కట్టేటాయన కాడికి తీసుకపోయి కట్టు కట్టించింది. వాపు తగ్గకపోతే దవాఖానకు తీసుకపోయింది. లోపల నరం తెగింది, ఇగ పరుగులు, దుంకుడు బంద్ అన్నరు డాక్టర్లు. సార్ ఇంటికొచ్చి నా మంచం పక్కన కుర్చీల కూసోని ఒక మాట అన్నడు. "భయపడుకుంట దుంకినవ్ బిడ్డ. మనసు నిలవెట్టలే. అందుకే గిట్లయింది" అన్నడు. నేను నమ్మిన. తప్పు నాదే అనుకోని ఏడ్సిన. దీవి పెద్దలు పెట్టిన దుంకుడుల తప్పెందుకుంటది, తప్పు నా భయానిదే అనుకున్న.

ఇప్పుడు నా బిడ్డ తొమ్మిదో తరగతి. ఐదో తరగతిల ఉన్నప్పుడే కరాటే నేర్సుకుంట అన్నది. ఆడపిల్ల, నేర్సుకుంటే మంచిదే అని మా ఆయన అదే సార్ కాడ చేర్పించిండు. అప్పట్ల నాకు సార్ మీద కోపమేం లేదు, ఆ క్లాసు పిల్లల తెల్ల డ్రెస్సులు కుట్టేది గూడ నేనే. కర్ర జోలికి పోకు అని మాత్రం చెప్పిన. పోకుంటే బ్లాక్ బెల్ట్ రాదట. మొన్న ఎండాకాలం పోయినంక కర్ర పట్టింది. ఒకనాడు క్లాసు నుంచి వచ్చి గోడ పట్టుకోని చెప్పులు ఇడుస్తుంటే సూసిన. కుడి మోకాలు ఉబ్బింది.

"ఏమైంది?" అన్న.

"ఏం కాలే. జర పట్టింది" అన్నది.

"దుంకినవా?"

అది ఉబ్బిన మోకాలు మీదికి ప్యాంటు గుంజుకున్నది.

ఆ దినం నుంచి నాకు దిమాక్ పనిచేయలే. మిషన్ మీద జాకెట్ కుడుతుంటే కుట్లు వొంకర పోతున్నయ్. ఫోన్ తీసి ఒకినావా కర్ర కటా అని వెతికిన. ముసలాయన ఒకరు కనవడ్డడు, చెక్క నేల మీద, వట్టి కాళ్లతోని. అదే వరుస. కర్ర నిలవెట్టి మొక్కుడు అదే, ఎడమకు తిప్పుడు అదే, పొడుసుడు అదే. దుంకుడు వస్తదని ఊపిరి బిగవట్టుకోని సూసిన. ఆయన దుంకలే. పాదం నేలకు రాసుకుంట ముందటికి జరిపి, నెమ్మదిగ తిరిగిండు. అంతే! ఇంకో వీడియో సూసిన, ఇంకొకరు. దుంకలే. ఒక్కరంటే ఒక్కరు దుంకలే. నా మోకాలు మీద చెయ్యి పెట్టుకోని అట్లనే కూసున్న. అన్నం పొయ్యి మీద మాడింది.

మర్నాడు ఫోన్ పట్టుకోని సార్ కాడికి పోయిన. చూపించిన. ఆయన అద్దాలు పెట్టుకోని ఆఖరిదాక సూసిండు. సూసి ఏమన్నడో తెల్సా?

"ఇవన్ని బయటోల్లకు చూపెట్టేటివమ్మా. అసలుది దాసిపెట్టిన్రు. అసలుది మన కాడ్నే ఉన్నది."

ఓరి దేవుడా! ఒకినావాల లేని ఒకినావా సూర్యాపేటల ఉన్నదట! నాకు అరికాలు మంట నెత్తికెక్కింది.

"సార్, నా బిడ్డ మోకాలు ఉబ్బింది. నాది ఎట్లనో పోయింది. ఆ ఒక్కటి తీసెయ్యిరి, నడిసి తిరగనియ్యిరి" అన్న.

"పెద్దలు పెట్టిన దాన్ని తీసేటందుకు నేనెవర్ని? నువ్వెవరు? మా మాస్టర్ నాకెట్ల ఇచ్చిండో నేనట్ల ఇస్తున్న. దుంకకపోతే పరీక్షల పాస్ చేయరు, అది నా చేతుల లేదు."

"ఎవరి చేతుల ఉన్నది మరి?"

"కోదాడ పోయి మా మాస్టర్‌ను అడుగు" అన్నడు, ఎట్లాగూ పోదులే అన్నట్టు.

నేను పోయిన. దుకాణం బంద్ పెట్టి పల్లెవెలుగు ఎక్కిన. మునగాల దాటినంక ఓ దాబా కాడ లారీలు అడ్డం పెట్టిన్రు, బస్సు ఆగింది. ఒక్కొక్కటి జరిగేదాక కిటికీ కాడ కూసోని లోపల్లోపల తిట్టుకున్న. సార్‌ను తిట్టిన, లారీలను తిట్టిన, ఆ దీవిని గూడ తిట్టిన.

కోదాడ మాస్టర్ మా సార్‌కు గురువు. పెద్ద బిల్డింగ్‌ల పై అంతస్తుల క్లాసు, గోడల నిండ కప్పులు, షీల్డులు. మాట మెత్తగ, ఆంధ్రా యాసల ఉంటది. నన్ను కూసోబెట్టి చాయ్ తెప్పించిండు.

"చూడమ్మా, ఆ జంప్ కనిపెట్టింది నేను కాదు. కాళ్ల మీదకి కత్తి విసురుతాడు శత్రువు, తప్పించుకోడానికి పైకి ఎగరాలి. అదీ దాని అర్థం."

"మా సార్ అల అని చెప్పిండు."

"అల ఏంటి? కత్తమ్మా, కత్తి."

"గురువు కత్తి అంటిరి, శిష్యుడు అల అనె. ఎవరి మాట నమ్మాలె సార్?" అన్న. ఆయన మొకం మారింది. చాయ్ కప్పు పక్కకు పెట్టి, మిర్యాలగూడల తనకు నేర్పిన ఆయన ఉన్నడని, జిల్లాలకు ఈ కర్ర తెచ్చిందే ఆయనని, ఈసారి కోదాడల జరిగే బెల్టు పరీక్షకు ముఖ్య అతిథి గూడ ఆయనేనని చెప్పిండు. "ఆ మహానుభావుణ్ణి మాత్రం ఇలా అడ్డంగా అడక్కమ్మా, బాధపడతారు" అన్నడు. బాధ! ఆయనకు బాధ అయితదట. మెట్లు దిగుతుంటే నా మోకాలు కలుక్కుమన్నది. పైన పిల్లలు ఒక్కపారే దుంకిన సప్పుడు స్లాబ్ మీద ధన్‌ధన్‌మని ఇనవడ్డది.

మిర్యాలగూడకు ఆదివారం పోయిన. పెద్ద మాస్టర్ బాగ ముసలాయన, బక్కపల్చగ ఉన్నడు, కోడలు చేసిన ఉప్మా తింటుండు. ఒకప్పుడు రైస్ మిల్లుల కాంటా కాడ పనిచేసేవాడట. వయసుల ఉన్నప్పుడు హైదరాబాద్‌ల ఒక క్యాంపుకు ఒకినావా నుంచి ఒక పెద్దాయన వచ్చి కర్ర నేర్పితే, ఈయన సెలవు పెట్టి పోయి నేర్సుకోని వచ్చిండు. వచ్చినంక మిల్లు పిల్లలకు, పక్క బస్తీ పిల్లలకు పైస అడగకుండ నేర్పిండు. ఇదంత సంతోషంగ చెప్పిండు. మంచి మనిషే అనిపించింది. దుంకుడు సంగతి అడిగితే మాత్రం ఉప్మా ప్లేట్ల వేలుతోని గీతలు గీసుకుంట కూసున్నడు.

"మేము నేర్సుకున్న జాగ చూపిస్త, రా బిడ్డ" అని లేసిండు.

ఆ మిల్లు బందయి ఏండ్లయింది. గేటు కాడ వాచ్‌మన్ ఈయనను గుర్తువట్టి లోపలికి ఇడిసిండు. లోపల వడ్లు ఆరబోసే సిమెంటు గచ్చు, ఇంతింత పెద్దది, పగుళ్లల గడ్డి మొలిసింది. ఇన్నేండ్లయినా ఉడికిన వడ్ల పులుపు వాసన ఎక్కడ్నో ఓ మూల మిగిలే ఉన్నది. బాయిలర్ గోడ నీడల నిలవడి, "గీడ నిలవడి మొదలుపెడుతుంటిమి. పొద్దుగాల ఎండ పడని జాగ ఇదొక్కటే" అన్నడు.

నాకు ఏమనిపించిందో ఏమో. గోడకు ఆనిచ్చిన వెదురు కర్ర తీసుకున్న. చీర కొంగు నడుముకు చెక్కిన. ఆయన నిలవడ్డ జాగలనే నిలవడి మొక్కి, కటా మొదలువెట్టిన. దుంకకుండ, నడుసుకుంట, కుంటుకుంట. అన్నేండ్లు ముట్టలే గానీ చేతులు మరువలే. తిప్పుడు, ఆపుడు, ముందటికి అడుగు, ఇంకో అడుగు, పొడుసుడు. పొడిసి నిలవడి కిందికి సూసిన.

నా కాలి బొటనవేలు ముందట మోరి ఉన్నది.

గచ్చుకు అడ్డంగ, ఈ కొస నుంచి ఆ కొసకు. వడ్లు నానవెట్టిన నీళ్లు, బాయిలర్ ఉడుకు నీళ్లు పోయేటి మోరి. ఇప్పుడు ఎండిపోయి ఉన్నది, అడుగున మట్టి, ఊక బూడిద. ఒక దుంకు దుంకితే దాటేటంత వెడల్పు.

కర్రను మోరి మీద అడ్డం పెట్టి వెడల్పు కొలిసిన. ఎనుక నుంచి ముసలాయన నవ్వుడు ఇనవడ్డది.

"ఏం చేద్దాం బిడ్డ? నడిసి తిరుగుదమంటే కాలు సలసల కాగే నీళ్లల పడ్తది. గచ్చు ఇంకో దిక్కు వడ్లు పోసి ఉండేటివి. గందుకే, గీడికొచ్చినంక దుంకుండ్రిరా అని చెప్పిన. దుంకి, అవుతల తిరుగుండ్రి అని. ఒకినావా ఆయన చెప్పింది నడుసుడే."

అల లేదు. కత్తి లేదు. దీవి లేదు. మోరి! నా మోకాలు పోయింది మోరి కోసం! అది గూడ నేను పుట్టి బుద్ధెరిగినంక ఎన్నడూ సూడని మోరి, మా ఊర్ల లేని మోరి. బడి గ్రౌండ్‌ల చదునైన మట్టి మీద, లేని మోరిని దుంకి నేను నరం తెంపుకున్న. భయపడ్డవ్ అన్నరు నన్ను. మనసు నిలవలే అన్నరు. థూ! నాకు ఏడ్పు రాలే. కర్రను ఆ మోరిల ఇసిరికొట్టిన.

"మీకు నవ్వెట్ల వస్తుంది సార్?" అని ఒర్రిన. "మోరి లేనికాడ గూడ దుంకుతున్నరని మీకు తెల్వదా?"

ఆయన నవ్వు ఆగింది. గచ్చు అంచు మీద కూలవడ్డట్టు కూసున్నడు.

"తెల్సు. కోదాడ పిలగాడు ఈడ నేర్సుకోని పోయి ఆడ క్లాసు పెట్టిండు. దుంకుతే సూడనీకి బాగుంటది, జనం చప్పట్లు కొడ్తున్నరు మాస్టర్ అన్నడు. పోనీలే అనుకున్న. తర్వాత ఓసారి సన్మానం చేస్తమని పిలిసిన్రు. స్టేజ్ మీద కూసోబెట్టి శాలువా కప్పిన్రు. కింద పిల్లలందరు ఒక్కపారే దుంకిన్రు. మైక్‌ల చెప్తున్నరు, ఒకినావా సంప్రదాయం, ఈ మహానుభావుడు తెచ్చిండు అని. ఆ శాలువా కప్పుకోని, అది మోరి కోసం పెట్టింది రా నాయనా అని ఎట్ల చెప్పాలె? ఇజ్జత్ పోదా? అప్పుడు చెప్పకపోతి. మల్ల ఏడాది మల్ల పిలిసిన్రు. మల్ల కప్పిన్రు."

"అట్ల ఎన్ని శాలువాలు సార్? మీ శాలువాల కింద నా మోకాలు ఉన్నది. ఇగ నా బిడ్డది గూడ ఉంటది."

ఆయన తల పైకి ఎత్తలే. "కోదాడ పరీక్షకు వస్త బిడ్డ. అందరి ముందట చెప్త. నా మనుమరాలి మీద ఒట్టు" అన్నడు. నేను నమ్మిన. నేను నమ్ముడుల గట్టిదాన్ని.

ఇంటికొచ్చి నా బిడ్డకు మొత్తం చెప్పిన. అది నవ్విందొకసారి, నా మొకం సూసి ఆపింది. "దుంకకపోతే బెల్టు ఇయ్యరమ్మా. నాలుగేండ్లు కష్టపడ్డ" అన్నది. నేను పోవద్దన్న. అది పోత అన్నది. తలుపు ధడాలున ఏసుకున్నది. మా ఇద్దరి మొండితనానికి మా ఆయన అన్నం గిన్నె పట్టుకోని నడుమ నిలవడ్డడు. ఆఖరికి ముసలాయన చెప్తనన్నడు గద అని ఒప్పుకున్న.

పరీక్ష కోదాడల ఒక ఫంక్షన్ హాల్‌ల పెట్టిన్రు. టైల్స్ నేల, తళతళ మెరుస్తుంది, నున్నగ. చెప్పుతోని రాసి సూసిన, జారుతుంది. స్టేజ్ మీద కుర్చీలేసి, నడుమల మిర్యాలగూడ ముసలాయన, అటు కోదాడ మాస్టర్, ఇటు మా సార్ కూసున్నరు. ఎర్ర శాలువా తెచ్చి కప్పిన్రు. దండ ఏసిన్రు. ఫోటోలు దిగిన్రు. మైక్ చేతికిచ్చిన్రు. నేను ముందు వరుసల కూసోని ఆయన కండ్లలకే సూస్తున్న. ఆయన గూడ నన్ను సూసిండు, సూసి చూపు తిప్పుకున్నడు.

"పిల్లలు క్రమశిక్షణతోని మెలగాలె... పెద్దలిచ్చిన సంప్రదాయాన్ని కాపాడాలె..." అని, దగ్గి, మైక్ ఇచ్చేసిండు. చప్పట్లు మోగినయ్. నా చేతులు పిడికిళ్లయినయ్. ముసలోడని సూడకుండ పోయి ఆ శాలువా గుంజేద్దామన్నంత కోపమొచ్చింది. ఇంతట్ల నా బిడ్డను పిలిసిన్రు.

అది నేను కుట్టిన తెల్ల డ్రెస్సుల నడుమకొచ్చి మొక్కింది. కర్ర తిప్పుతుంటే గాలి కోస్తున్న సప్పుడు. ముందటికి నడిసింది. పొడిసింది. నేను కుర్చీ చెయ్యి పట్టుకున్న, దుంకుతదని.

దుంకలే. నిలవడ్డది. కింద టైల్స్ సూసింది. అటు సూసింది, ఇటు సూసింది, ఏదో పోగొట్టుకున్నదాని తీరుగ.

"దుంకు!" అని మా సార్ స్టేజ్ మీదికెల్లి ఒర్రిండు.

అది తలెత్తి సార్‌ను సూడలే. శాలువా కప్పుకున్న ముసలాయనను సూసింది.

"మోరి ఏది సార్?" అన్నది.

చిన్న గొంతే గానీ హాలంత ఇనవడ్డది. మా సార్‌కు అర్థం కాలే. కోదాడ మాస్టర్ "ఏమంటోంది?" అని పక్కకు వంగిండు. ముసలాయనకు అర్థమైంది. మొకం బూడిద రంగయింది. రెండు చేతులతోని శాలువా భుజాల మీదికెల్లి తీసి, మడవకుండనే కుర్చీ మీద పెట్టి లేసిండు. మైక్ అందుకోలే.

"మోరి ఈడ లేదు బిడ్డ. మిర్యాలగూడల ఉండె. నువ్వు నడువు" అన్నడు.

అది పాదం నేలకు రాసుకుంట జరిపి, తిరిగి, మిగిలిన వరుస మొత్తం చేసింది. ఒక్క దెబ్బ తప్పలే. చప్పట్లు కొట్టింది నేనొక్కదాన్నే. నడుమల మాట్లాడింది, వరుస మార్చింది అని కోదాడ మాస్టర్ బెల్టు ఆపిండు. ముసలాయన ఆయనకేదో చెప్తుండు, ఆయన తల అడ్డం ఊపుతుండు. ఇంకో పిల్లను పిలిసిన్రు. ఆ పిల్ల వచ్చింది, మొక్కింది, నడిసింది, పొడిసింది, ఎగిరి దుంకింది. టైల్స్ మీద కాలు సర్రుమన్నది, పడబోయి నిలదొక్కుకున్నది. హాలంత చప్పట్లు. ఆ పిల్ల తల్లి గూడ కొట్టింది. ఆమె కాడికి పోయి చెప్పిన. ఆమె నన్ను పిచ్చిదాన్ని సూసినట్టు సూసింది.

బస్సుల నేను ఒక్క మాట మాట్లాడలే. మాట్లాడితే తిట్లే వస్తయ్. నా బిడ్డ కిటికీకి తల ఆనిచ్చి, కర్ర కాళ్ల నడుమ పెట్టుకోని పల్లీలు తినుకుంట కూసున్నది. దాని మోకాలు మీద చెయ్యి పెట్టి సూసిన. సల్లగున్నది. వాపు లేదు.

సూర్యాపేట బస్టాండ్‌ల బస్సు ఆగుతనే అది లేసి, పైమెట్టు మీదికెల్లి ఒక్కటే దుంకు, కిందికి. కర్రతో సహా. "ఏయ్!" అన్న, నోరు ఆగలే. అది ఎనుకకు తిరిగి నవ్వింది.

నేను రాడ్డు పట్టుకోని, ఒక్కొక్క మెట్టు దిగిన.